మొదటి స్కిట్ దగ్గరే పోయిన షో: డేనా కార్వీ షో, 1996

1996 మార్చి 12, మంగళవారం. అమెరికాలో ఏబీసీ చానెల్. రాత్రి 9 గంటలకు మొదలైన ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’ అప్పుడే అయిపోయింది. పనిముట్లంటే పిచ్చి ఉన్న తండ్రి, ఓపికున్న తల్లి, ముగ్గురు మగపిల్లలు, కంచె అవతలి నుంచి సగం మొహమే కనిపించే పక్కింటాయన. ఇంటిల్లిపాదీ సోఫాలో కూర్చుని చూసే షో అది. 9:30కి కొత్త కామెడీ షో మొదలైంది. తెర మీద అధ్యక్షుడు బిల్ క్లింటన్ వేషంలో డేనా కార్వీ. ఈ దేశానికి తండ్రిని నేనే, తల్లిని కూడా నేనే అన్న ధోరణిలో మాట్లాడుతూ చొక్కా గుండీలు విప్పాడు. లోపల పాలిచ్చే రొమ్ములున్నాయి. ముందు పసిబిడ్డ బొమ్మకి పాలిచ్చాడు. తర్వాత నిజం కుక్కపిల్లల్ని తీసుకొచ్చి ఆయన ఒంటి మీద పెట్టారు.

ఏప్రిల్ 30న ఏడో ఎపిసోడ్ వచ్చింది. ఎనిమిదోది తీసి ఉంచారు గానీ చానెల్ వెయ్యలేదు. షో అక్కడితో ఆగిపోయింది.

నేను టీవీకి స్కిట్లు రాసే పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఆగిపోయిన షోల్లో పనిచేశాను, ఆడిన షోల్లోనూ పనిచేశాను. కొత్తగా రాయడానికి వచ్చే పిల్లలకి నేను మొదట చూపించేది ఈ డేనా కార్వీ షోనే. 2009లో డీవీడీగా వచ్చింది కాబట్టి ఎపిసోడ్లన్నీ దొరుకుతాయి. చూశాక పిల్లలు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “సార్, ఇంత బాగుంటే ఎందుకు ఆపేశారు?” ఆ ప్రశ్నకి నేను చెప్పుకున్న సమాధానమే ఈ కేసు. రాసినవాళ్లలో లోపం లేదు, చేసినవాళ్లలో అసలే లేదు. ఏ గంటకి వస్తున్నామో, ఎవరి తర్వాత వస్తున్నామో చూసుకోకుండా మొదటి స్కిట్ ఎంచుకున్నారు. నా లెక్కలో షో అక్కడే పోయింది. మిగతా ఆరు ఎపిసోడ్లు ఆ నష్టం పూడ్చుకోవడానికే సరిపోయాయి, అదీ పూడలేదు.

ఎవరెవరు ఉన్నారు

ఈ జాబితా చదివితే ఇప్పటికీ నాకు కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది. డేనా కార్వీ 1986 నుంచి 1993 దాకా ఎన్బీసీ చానెల్ స్కిట్ల షో ‘సాటర్డే నైట్ లైవ్’లో స్టార్. అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ (సీనియర్)ని ఆయన ఎంత బాగా అనుకరించేవాడంటే, 1992లో ఎన్నికల్లో ఓడిపోయాక బుష్ స్వయంగా వైట్ హౌస్‌కి పిలిపించుకుని తన సిబ్బంది ముందు ఆ మిమిక్రీ చేయించుకున్నాడు. షో నడిపిన రాబర్ట్ స్మైగెల్ అదే సాటర్డే నైట్ లైవ్‌లో రాసి, తర్వాత కోనన్ ఓబ్రయన్ లేట్ నైట్ షోకి మొదటి హెడ్ రైటర్‌గా పనిచేసినవాడు. ఇక్కడ హెడ్ రైటర్ లూయీ సీకే. రైటర్ల గదిలో కూర్చున్నవాళ్లలో చార్లీ కాఫ్‌మన్ ఉన్నాడు. తర్వాతి రోజుల్లో సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్న కాఫ్‌మనే. రాబర్ట్ కార్లాక్ ఉన్నాడు, పదేళ్ల తర్వాత ‘30 రాక్’ కామెడీ సిరీస్ నడిపినవాళ్లలో ఒకడు.

నటుల్లో ఇద్దరు చికాగో ‘సెకండ్ సిటీ’ నాటక బృందం నుంచి వచ్చారు. స్టీవ్ కరెల్, స్టీఫెన్ కోల్బేర్. ఆ బృందంలో కరెల్ రాలేని రోజున అతని పాత్ర వెయ్యడానికి సిద్ధంగా ఉండాల్సిన మనిషి కోల్బేర్. అప్పటికి వాళ్ల మొహాలు దేశంలో ఎవరికీ తెలియవు.

ఇంతమంది ఒకే గదిలో కూర్చుని రాసిన షో ఏడు ఎపిసోడ్లకే పోయిందంటే, తప్పు స్క్రిప్టు కాగితాల్లో వెతికి ప్రయోజనం లేదని నాకనిపించింది. అందుకే నేను స్క్రిప్టులు పక్కనపెట్టి ఆ మంగళవారం ఏబీసీ ప్రోగ్రాముల వరస తీసుకుని కూర్చున్నాను.

స్లాట్

9 గంటలకు ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’. 9:30కి కార్వీ. 10 గంటలకు ‘ఎన్‌వైపీడీ బ్లూ’, పెద్దవాళ్ల పోలీసు డ్రామా, ముందు హెచ్చరిక వేసి మరీ మొదలుపెట్టే షో. చానెల్ ఆలోచన కాగితం మీద చూస్తే తప్పుగా ఏమీ కనిపించదు. కుటుంబం చూసే షోకీ పెద్దవాళ్లు చూసే షోకీ మధ్య అరగంట వంతెన కావాలి. పేరున్న కమెడియన్ ఉన్నాడు. అప్పటికి టీవీలో బాగా ఆడుతున్న షోల్లో ఒకదాని వెనకాలే చోటు. మా ఫీల్డులో ఇలాంటి స్లాట్ దొరికితే స్వీట్లు పంచుకుంటాం.

కానీ ముందు షో నుంచి వచ్చే జనం ఖాళీ చేతులతో రారు. అరగంటసేపు చూసిన మూడ్ మోసుకుని వస్తారు. పిల్లలు ఇంకా తల్లి ఒళ్ళోనే ఉంటారు. పైగా అమెరికాలో నెట్‌వర్క్ చానెళ్లకి ఒక పద్ధతి ఉంది. తూర్పు తీరంలో 9:30కి వచ్చే ప్రోగ్రామ్, మధ్య రాష్ట్రాల్లో అక్కడి గడియారం ప్రకారం 8:30కే వస్తుంది. అంటే న్యూయార్క్‌లో కూర్చుని రాసినవాళ్లకి అది కాస్త పొద్దుపోయాక వచ్చే షో. కరెల్, కోల్బేర్ పేరు తెచ్చుకున్న చికాగోలో మాత్రం అది 8:30 షో. పిల్లలు హోంవర్క్ ముగించి, పడుకునే ముందు కాసేపు టీవీ చూసే వేళ. దేశమంతటికీ ఒకే గడియారం ఉన్న మనకి ఈ సంగతి తట్టదు. నాకూ ఈ కేసు మూడోసారి చదివేటప్పుడు గానీ తట్టలేదు.

ఇంకో రెండు తేదీలు పక్కన రాసుకుంటే గది ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. 1996 ఫిబ్రవరి 9న డిస్నీ కంపెనీ 19 బిలియన్ డాలర్ల ఒప్పందంతో ఏబీసీని సొంతం చేసుకోవడం పూర్తయింది. ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’ తీసేది కూడా డిస్నీ వాళ్ల టచ్‌స్టోన్ సంస్థే. కొత్త యజమాని ఇంట్లో కాలుపెట్టి నెల రోజులు. ఆ ఇంట్లో ముద్దుబిడ్డ లాంటి షో వెనకాలే ఈ స్కిట్. రెండో తేదీ ఫిబ్రవరి 29. టీవీలో ఏది పిల్లలు చూడొచ్చో ఏది చూడకూడదో గుర్తులు వేసే పద్ధతి తెస్తామని చానెళ్ల పెద్దలంతా వైట్ హౌస్‌కి వెళ్లి క్లింటన్ ముందు ఒప్పుకున్నారు. దానికి పన్నెండు రోజుల తర్వాత అదే క్లింటన్ వేషం కుక్కపిల్లలకి పాలిచ్చింది.

మొదటి స్కిట్ దగ్గరగా చూస్తే

ఒక స్కిట్‌గా దాన్ని తక్కువ చెయ్యను. మెట్లు చక్కగా కట్టారు. అధ్యక్షుడి టేబుల్, వెనక కిటికీ, జెండా. ముందు మాటలు: నేను దేశం బాగోగులు చూసుకునేవాణ్ని, తల్లిలా పెంచేవాణ్ని. రాజకీయ నాయకుడు మైకు ముందు చెప్పే మాటే. ఆ మాటని అక్షరాలా నిజం చేస్తే ఎలా ఉంటుందన్నదే స్కిట్ ఆలోచన. మాట నుంచి చొక్కా, చొక్కా నుంచి బొమ్మ, బొమ్మ నుంచి ప్రాణమున్న కుక్కపిల్లలు. ప్రతి మెట్టు దగ్గరా చూసేవాడు “ఇంతకంటే పోరులే” అనుకుంటాడు, వాళ్లు ఇంకో మెట్టు ఎక్కుతారు. కార్వీ మొహంలో ఎక్కడా వెకిలితనం లేదు. క్లింటన్ ప్రజల బాధ వినేటప్పుడు కింది పెదవి కొరుక్కునే తీరు ఉంటుంది చూడండి, ఆ ఆప్యాయతే చివరిదాకా పట్టుకున్నాడు. కుక్కపిల్ల నాకుతున్నా ఆ ఆప్యాయత సడలదు. నటన అంటే అదే.

పైగా ఆ రోజు సూపర్ ట్యూస్‌డే. రిపబ్లికన్ పార్టీలో క్లింటన్‌కి పోటీగా ఎవరు నిలబడాలో తేల్చే పెద్ద ఓటింగ్ రోజు. రైటర్ల గదిలో ఆ ఉదయం ఎంత హుషారుగా ఉండి ఉంటారో నేను ఊహించుకోగలను. వార్తల్లో ఎన్నికలు, మన దగ్గర ఎన్నికల స్కిట్. “ఇదే మొదట వెయ్యాలి” అని ఎవరు అన్నా అందరూ తలూపుతారు. నేనైనా ఊపేవాణ్నే.

అయితే మొదటి స్కిట్‌కి ఇంకో పని కూడా ఉంటుంది. నవ్వించడంతో పాటు “ఈ షోలో కూర్చోవచ్చు, ఇది మీ ఇల్లే” అని చెప్పాలి. గుమ్మంలో నిలబడి చుట్టాన్ని లోపలికి పిలిచినట్టు. కార్వీ అంటే జనానికి తెలిసిన వేషాలు బుష్, చర్చ్ లేడీ అనే చాదస్తపు ఆవిడ, ‘వేన్స్ వరల్డ్’లో గార్త్ అనే కుర్రాడు. క్లింటన్ ఆయన వేషమని ఎవరి మనసులోనూ లేదు. సాటర్డే నైట్ లైవ్‌లో క్లింటన్ అంటే ఫిల్ హార్ట్‌మన్, ఆయన వెళ్లిపోయాక డారెల్ హామండ్. అంటే తెలిసిన మనిషి, తెలియని వేషంలో, తెలియని చోటికి వచ్చి, పిల్లల ముందు చొక్కా విప్పాడు. గుర్తుపట్టడానికి చూసేవాళ్లకి ఒక్క ఆధారమూ దొరకలేదు.

షో వాళ్లు కావాలనే ఇది మొదట పెట్టారని నా నమ్మకం. మేమేంటో మొదటే చెప్పేద్దాం, ఉండేవాళ్లు ఉంటారు అన్న ధైర్యం అందులో కనిపిస్తుంది. ఆ ధైర్యం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఉండేవాళ్లు ఎవరో తేల్చుకోవాల్సింది సొంతంగా సంపాదించుకున్న ప్రేక్షకుల దగ్గర. ఇంకో షో అప్పిచ్చిన ప్రేక్షకుల దగ్గర ఆ పందెం కాయకూడదు.

మా ఇంట్లో జరిగింది

ఇది నాకు పుస్తకంలో చదివితే అర్థమైన విషయం కాదు. కొన్నేళ్ల క్రితం ఒక చానెల్‌కి వారానికోసారి వచ్చే స్కిట్ల షో రాశాను. రాత్రి స్లాట్, ఏడుపు సీరియల్ అయిపోగానే. మేం మొదటి ఎపిసోడ్‌లో మొదటి స్కిట్‌గా ఒక చావింటి కథ పెట్టాం. పెద్దావిడ పోయింది, దినం కాకముందే కోడళ్లు ఆవిడ నగలు పంచుకోవడానికి కూర్చున్నారు, కాసులపేరు ఎవరికని గొడవ. మంచి స్కిట్. టేబుల్ దగ్గర చదివినప్పుడు లైట్‌బాయ్ కూడా నవ్వాడు.

ప్రసారమయ్యే రోజు మా పిన్ని వాళ్లింట్లో కూర్చుని చూశాను. ముందు సీరియల్ ఆ రోజు ఎక్కడ ఆగిందంటే, అత్తగారు గుండె పట్టుకుని కూలిపోయింది, ఐసీయూ తలుపు మూసుకుంది, బ్రేక్. పిన్ని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ప్రకటనలు అయిపోయి మా షో మొదలైంది. శవం మీద దండ, పక్కనే నగల మూట. పిన్ని కాసేపు చూసింది. “ఇప్పుడే కదరా పాపం ఆవిడ ఆస్పత్రిలో పడింది, ఇదేం నవ్వురా?” అంది. అని రిమోట్ తీసుకుని చానెల్ మార్చేసింది. ఆ స్కిట్ రాసింది నేనేనని ఆవిడకి తెలుసు. అయినా మార్చింది. నేను ఉండమని అడగలేకపోయాను, ఎందుకంటే ఆవిడ ఏడుపు నిజం.

ఆరు వారాల్లో మా షో ఆగిపోయింది. ముందు సీరియల్ ఆ రోజు ఏ సీన్ దగ్గర ఆగుతుందో కనుక్కోవడానికి ఒక్క ఫోన్ చాలు. మాలో ఎవరం ఆ ఫోన్ చెయ్యలేదు, చానెల్లో ఎవరూ మాకు చెప్పలేదు. నగల స్కిట్‌ని మూడోదిగా వేసి ఉంటే పిన్ని దానికి నవ్వేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. కార్వీ షో గురించి చదివినప్పుడల్లా నాకు ఆ హాలు, ఆ రిమోట్ గుర్తొస్తాయి.

స్పాన్సర్ పేరు

రెండో దెబ్బ డబ్బు వైపు నుంచి పడింది. షో పేరు ప్రతి వారం మారేది. మొదటి వారం ‘టాకో బెల్ డేనా కార్వీ షో’, టాకో బెల్ అంటే ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల కంపెనీ. తర్వాత ‘మగ్ రూట్ బీర్ డేనా కార్వీ షో’, ‘మౌంటెన్ డ్యూ డేనా కార్వీ షో’, ఇలా కూల్‌డ్రింకుల పేర్లు. అమెరికా టీవీ తొలి రోజుల్లో స్పాన్సర్ పేరే షో పేరుగా ఉండేది, 1948లో టీవీకి వచ్చిన ‘టెక్సకో స్టార్ థియేటర్’ లాగా. ఆ పాత పద్ధతిని మళ్లీ తెచ్చి, దాంతోనే ఆటాడుకున్నారు. డబ్బిచ్చిన కంపెనీ పేరు మీద పాట, డ్యాన్సు, దానిలోనే ఆ కంపెనీకి చిన్న గిచ్చుడు. టాకో బెల్, పిజ్జా హట్, రూట్ బీర్, డ్యూ అన్నీ అప్పట్లో పెప్సికో గొడుగు కిందివే. అంటే ఒకే గుమ్మం నుంచి డబ్బు వస్తోంది.

మొదటి ఎపిసోడ్ తర్వాత టాకో బెల్ తప్పుకుంది. ఒక వారమైతే షో ‘సెచ్వాన్ డైనస్టీ డేనా కార్వీ షో’ అయింది. అది ఒక చైనీస్ రెస్టారెంటు పేరు. నేను దీన్ని నవ్వుతూ చదవలేను. తొమ్మిదిన్నర గంటల నెట్‌వర్క్ షోకి పేరు పెట్టడానికి ఒక హోటల్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందంటే, ఆ వారం ప్రొడక్షన్ ఆఫీసులో ఎంత టెన్షన్ నడిచిందో ఈ పని చేసినవాళ్లకి తెలుస్తుంది.

ఇక్కడ పనితీరు సంగతి ఒకటి ఉంది. మామూలుగా ప్రకటన బ్రేక్‌లో వస్తుంది, షో షోయే, ప్రకటన ప్రకటనే. మన దగ్గర “సమర్పించు” అని ముందు పేరు వేసినా, ఎవరూ ఆ సబ్బు కంపెనీయే స్కిట్ రాసిందనుకోరు. కానీ షో టైటిల్‌లోనే కంపెనీ పేరు ఉండి, ఆ పేరు ఉన్న వారమే కుక్కపిల్లల స్కిట్ వస్తే, మర్నాడు ఫోన్ చేసి తిట్టేవాడు టాకో బెల్‌నే తిడతాడు. స్పాన్సర్‌ని ఆట పట్టించడం మంచి ఆలోచనే. అతని పేరు నుదుటి మీద రాసుకుని కుటుంబాల ముందు ఇంత సాహసం చెయ్యడం వేరే సంగతి. ఈ రెండూ ఒకే రాత్రి పెట్టకుండా ఉండాల్సింది.

వాళ్ల సరుకుతోనే మళ్ళీ పేర్చి చూస్తే

రాయడానికి వచ్చే పిల్లలకి నేను ఇచ్చే పని ఇది. ఈ సిరీస్‌లో ఉన్న స్కిట్లే తీసుకోండి, బయటి నుంచి ఒక్క లైను తేవద్దు. ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’ చూసి లేచిన ఇంటికి సరిపోయేలా మొదటి ఎపిసోడ్ కూర్చండి.

దాదాపు అందరూ మొదట పెట్టేది వెయిటర్ల స్కిట్. కరెల్, కోల్బేర్ ఇద్దరూ మంచి రెస్టారెంటులో వెయిటర్లు. చేతులు వెనక్కి కట్టుకుని ఈ రోజు స్పెషల్ ఏమిటో చెప్పాలి. సమస్య ఒకటే: తిండి పేరు ఎత్తితే వాళ్లకి వాంతొస్తుంది. వంటకం పేరు మొదలుపెడతారు, గొంతులో ఏదో పైకొస్తుంది, మింగుతారు, మర్యాదగా నవ్వుతారు, మళ్లీ మొదలుపెడతారు. సాస్ దగ్గరికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు. చూసి నేర్చుకోవాల్సింది కరెల్ ఆపుకోవడాన్ని. వాంతి చేసుకుంటే నవ్వు ఒక్కసారే వస్తుంది. ఆపుకుంటున్నంతసేపూ నవ్వు సాగుతూనే ఉంటుంది. ఉద్యోగం పోకూడదన్న ఆరాటం ఆ మొహంలో కనిపిస్తుంది కాబట్టి మనం అతని వైపు ఉంటాం. ఇందులో రాజకీయం లేదు, ఒంటి భాగాలు లేవు. ఎనిమిదేళ్ల పిల్లాడు కింద పడి దొర్లుతాడు, తాతయ్య కూడా నవ్వుతాడు.

రెండోది చిలిపి పనుల కుర్రాళ్ల స్కిట్. కార్వీ, కరెల్ ఇద్దరూ జనాన్ని బురిడీ కొట్టించామని విరగబడి నవ్వుతుంటారు. వాళ్లు చేసేదేమిటంటే ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, సరుకు తీసుకోకుండా పారిపోవడం. కౌంటర్లో మనిషి పొట్లం పట్టుకుని బిత్తరపోయి చూస్తుంటాడు. మోసపోయింది తామేనని వాళ్లకి చివరిదాకా తెలియదు. ఒక్క వాక్యంలో చెప్పగలిగే ఆలోచన, ఎన్నిసార్లు చేసినా కొత్తగా ఉంటుంది.

మూడోది ‘తియ్యటి మాటలు చెప్పే జర్మన్లు’. ఇద్దరు మనుషులు కెమెరా వైపు చూసి, యుద్ధం సినిమాల్లో అధికారి అరిచినట్టు అరుస్తూ ప్రేమగా, మెచ్చుకోలుగా మాట్లాడతారు. గొంతు ఒకటి చెబుతుంది, మాట ఇంకొకటి చెబుతుంది. దీన్ని తెలుగులో అర్థం చేసుకోవాలంటే పౌరాణిక నాటకంలో రావణుడు వేసే ఆయన అదే కంఠంతో, అదే గదతో, “అన్నం తిన్నావా నాన్నా, పెరుగు వేసుకో” అన్నాడనుకోండి.

ఈ మూడూ అయ్యాక, రెండో బ్రేక్ తర్వాత, క్లింటన్ రావచ్చు. అప్పటికి ఇంట్లో జనం ఈ మనుషుల్ని నమ్ముతారు. కొంతమంది పిల్లలు నిద్రకి పోయి ఉంటారు. తూర్పు తీరంలో గడియారం పదికి దగ్గరవుతుంది, వెనకాలే పోలీసు డ్రామా కోసం పెద్దవాళ్లు చేరుతుంటారు. స్కిట్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. బహుశా కుక్కపిల్లలు కూడా ఉండొచ్చు.

ఇలా చేస్తే షో బతికేదా అని పిల్లలు అడుగుతారు. బతికి తీరేదని చెప్పను. స్లాటే తప్పయినప్పుడు వరస మార్చడం సగం మందే. కానీ మొదటి వారం స్పాన్సర్ పోకపోతే, రైటర్లు రెండో వారం స్క్రిప్టు రాసేటప్పుడు ఫోన్ మోగుతుందేమోనని చూడకుండా రాసి ఉండేవాళ్లు. రైటర్ల గదిలో ఆ తేడా ఎంత పెద్దదో అనుభవించినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

‘కాలానికి ముందు వచ్చింది’ అనే మాట గురించి

ఈ షో ప్రస్తావన వచ్చినప్పుడల్లా “కాలానికి ముందు వచ్చిన షో” అంటారు. 2017లో దీని మీద డాక్యుమెంటరీ వచ్చినప్పుడు కూడా ఆ మాట బాగా వినిపించింది. నేను ఒప్పుకోను. అదే కాలంలో, 1995 నవంబర్‌లో, హెచ్‌బీఓలో ‘మిస్టర్ షో’ మొదలైంది. అదీ స్కిట్లే, అదీ ఇంతే తెగింపు. డబ్బు కట్టి చూసే కేబుల్ చానెల్, అర్ధరాత్రి స్లాట్. నాలుగు సీజన్లు, 30 ఎపిసోడ్లు ఆడింది. దాని ఇద్దరు కర్తల్లో ఒకడైన బాబ్ ఓడెన్‌కర్క్ అంతకుముందు ‘బెన్ స్టిల్లర్ షో’లో ఉన్నాడు. ఫాక్స్ చానెల్ ఆ షోని 1992లో ఆదివారం సాయంత్రం ‘60 మినిట్స్’ వార్తా కార్యక్రమానికి ఎదురుగా వేసింది. 12 ఎపిసోడ్లు వేసి ఆపేసింది. ఆపేశాక 1993లో దానికి రచనకి ఎమ్మీ, అంటే అమెరికా టీవీలో పెద్ద అవార్డు, వచ్చింది. ఒకే తరం, దాదాపు ఒకే రకం హాస్యం. ఇంటిల్లిపాదీ కూర్చునే వేళ వేసినవి రెండూ పోయాయి, అర్ధరాత్రి వేసింది నిలబడింది. కాలం వాళ్లని అర్థం చేసుకోవడానికి సిద్ధంగానే ఉంది. గడియారమే రెండు గంటలు ముందుంది.

మన దగ్గర ఈటీవీలో 2013 ఫిబ్రవరిలో మొదలైన ‘జబర్దస్త్’ కూడా మొదట్లో గురువారం రాత్రి 9:30 షోయే. మాటల్లో మోటు ఎక్కువైందన్న విమర్శ దానికీ వచ్చింది, అందులో న్యాయం కూడా ఉంది. అయినా నిలబడింది. నాకు కనిపించిన కారణాల్లో ఒకటి జడ్జిల సీట్లు. నాగబాబు, రోజా అక్కడ కూర్చుని విరగబడి నవ్వుతుంటే ఇంట్లో ఉన్నవాళ్లకి “పర్లేదు, నవ్వచ్చు” అన్న అనుమతి దొరికేది. తెలిసిన మొహం నవ్వుతోంది కదా. కార్వీ షోకి స్టూడియోలో జనం నవ్వు ఉంది, కానీ ఆ నవ్వుకి మొహం లేదు. మన తొమ్మిదిన్నర, వాళ్ల తొమ్మిదిన్నర ఒకటి కావు. భోజనాలయ్యాక మనకి వచ్చే తొమ్మిదిన్నర వేరు. అందుకే అక్కడి కేసుని అచ్చంగా ఇక్కడికి దింపుకోవద్దని కూడా పిల్లలకి చెబుతాను. పిన్ని రిమోట్ మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు నా రన్నింగ్ ఆర్డర్ కాగితంలో, అంటే ఏ స్కిట్ తర్వాత ఏదో రాసుకునే కాగితంలో, పై గడిలో మా ముందు ప్రోగ్రామ్ పేరు, ఆ రోజు అది ఎలా ముగుస్తుందో రెండు లైన్లు రాస్తాను. చానెల్ వాళ్లని అడిగితే విసుక్కుంటారు. మళ్లీ అడుగుతాను.

ఆ తర్వాత

మే నెలకి ఆ గది ఖాళీ అయింది. కోల్బేర్ 1997లో, కరెల్ 1999లో వార్తల మీద వ్యంగ్యం చేసే ‘ద డైలీ షో’లో చేరారు. 2005లో కరెల్‌కి ‘ద ఆఫీస్’ కామెడీ సిరీస్, కోల్బేర్‌కి సొంత షో వచ్చాయి.

కార్వీ షోలో ఒక కార్టూన్ ఉండేది. ఏస్, గ్యారీ అని ఇద్దరు సూపర్‌హీరోలు. వాళ్లిద్దరి మధ్య ఉన్న సంబంధం ఏమిటా అని ఊళ్లో జనం, విలన్లు పని మానుకుని చెవులు కొరుక్కుంటుంటారు. హీరోలకి ఆ గోలే పట్టదు, లోకాన్ని రక్షించుకుంటూ పోతుంటారు. ఏస్ గొంతు కోల్బేర్‌ది, గ్యారీ గొంతు కరెల్‌ది. షో ఆగిపోయాక స్మైగెల్ ఆ కార్టూన్‌ని చంకన పెట్టుకుని పాత చోటికే వెళ్లాడు. 1996 సెప్టెంబర్ 28, శనివారం, రాత్రి 11:30కి మొదలయ్యే సాటర్డే నైట్ లైవ్‌లో అది వచ్చింది. అవే బొమ్మలు, అవే రెండు గొంతులు. జనం నవ్వారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొత్త కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి.